చీకటిలో పాలిపోయే ప్రాణి: ఊసరవెల్లి నిద్ర, ఒత్తిడి లక్షణాలు

కృష్ణా తీరపు మెట్ట చేల కంచెల మీద పగటిపూట ఊసరవెల్లిని వెదకడం ఓపికకు పరీక్ష. కొమ్మల్లో కొమ్మగా, ఆకుల్లో ఆకుగా కలిసిపోయి, గాలికి కదిలే రెమ్మలాగా ముందుకూ వెనక్కూ ఊగుతూ అడుగు తీసి అడుగు వేసే ఆ ప్రాణి అనుభవజ్ఞుల కంటికి కూడా తేలికగా చిక్కదు. అదే కంచెను పొద్దుగూకిన రెండు గంటల తరువాత టార్చిలైటు వెలుగులో పరిశీలిస్తే పరిస్థితి తారుమారవుతుంది. నల్లని ఆకుల నేపథ్యంలో, సన్నని రెమ్మ చివర, తోకను గడియారపు స్ప్రింగులాగా చుట్టుకొని, దాదాపు తెల్లగా పాలిపోయిన ఒక ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఊసరవెల్లుల గణన చేసే శాస్త్రవేత్తలు రాత్రిపూటనే బయలుదేరడానికి కారణం ఇదే. పగలు దాచిన రంగే రాత్రి పట్టిస్తుంది.

శాస్త్రవేత్తకు ఉపకరించే ఈ లక్షణమే ఊసరవెల్లికి ముప్పు కూడా. నిద్రలో ఉన్న ప్రాణిని కొమ్మతో సహా విరిచి డబ్బాలో వేసుకోవడానికి నేర్పు అక్కరలేదు. అలా వచ్చిన ప్రాణి విజయవాడలోని ఒక అపార్ట్‌మెంటు బాల్కనీలో గాజు పెట్టెలో కొన్ని వారాలు గడిపి, ఎవరికీ అర్థం కాని కారణంతో తిండి మానేసి చనిపోతుంది. అంతకుముందు ఇంటివారు వ్యవసాయ శాఖ సిబ్బందినో, విస్తరణ శాస్త్రవేత్తనో, చదువుకుంటున్న బంధువునో అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "పగలంతా కళ్లు మూసుకొని నిద్రపోతోంది, ఒళ్లు నల్లబడింది, ఏం పెట్టాలి?" ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉన్నది. పగలంతా కళ్లు మూసుకొని ఉన్న ఊసరవెల్లి నిద్రపోతున్నదని అనుకోవడమే ఆ పొరపాటు. నిద్రకూ నీరసానికీ, విశ్రాంతికీ భయానికీ మధ్య తేడాను ఈ ప్రాణి చర్మం మీద, కళ్లలో, పట్టులో చదవడం నేర్చుకోవలసి ఉన్నది.

తొండ వేరు, ఊసరవెల్లి వేరు

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందన్న లోకోక్తి తెలుగునాట ఎంతగా స్థిరపడిందంటే, జంతుశాస్త్రం చదివిన విద్యార్థులు కూడా కొన్నిసార్లు రెండింటినీ ఒకే ప్రాణి యొక్క రెండు దశలుగా భావిస్తారు. మగ తొండ జత కట్టే కాలంలో తల, మెడ ఎర్రబడి రంగు మార్చడం ఈ భ్రమకు మూలం కావచ్చును. తొండ అగామిడే కుటుంబానికి చెందినది; శాస్త్రీయ నామం కలోటిస్ వెర్సికలర్. ఊసరవెల్లి కెమీలియోనిడే కుటుంబానికి చెందినది. భారతదేశపు ఊసరవెల్లి జాతి కెమీలియో జైలానికస్. 1768లో లారెంటి ఈ పేరు పెట్టినాడు. తొండ ఎంత ముదిరినా తొండగానే ఉంటుంది.

తేడా తెలుసుకోవడానికి కాలి వేళ్లు చూస్తే చాలు. ఊసరవెల్లి ముందరి పాదంలో లోపలివైపు మూడు, వెలుపలివైపు రెండు వేళ్లు కలిసి పట్టకారులాగా ఏర్పడి ఉంటాయి. వెనుక పాదంలో ఈ అమరిక తిరగబడుతుంది. నేల మీద నడవడానికి ఈ పాదం అనువైనది కాదు. కొమ్మను పట్టుకోవడానికే ఏర్పడినది. శరీరం పక్కల నుంచి నొక్కినట్లు పలచగా ఉంటుంది. నాలుక శరీరం కంటే పొడవుగా సాగుతుంది. కళ్లు రెండూ శంఖువు ఆకారపు రెప్పల మధ్య ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయి.

భాగవతంలోని నృగ మహారాజు కథ తెలుగువారికి పోతన ద్వారా పరిచయమే. శాపవశాన ఊసరవెల్లియై పాడుబావిలో పడి ఉన్న నృగుని యాదవ బాలురు తాళ్లతో పైకి లాగబోయి విఫలులు కాగా, శ్రీకృష్ణుడు చేయి తాకించి విముక్తుని చేస్తాడు. ఆ కథలో ప్రాణిని చూసి జాలిపడిన పిల్లలు ఉన్నారు. నేటి పల్లెలలో ఊసరవెల్లి కనిపిస్తే విషప్రాణి అని రాళ్లతో కొట్టే పిల్లలే ఎక్కువ. దానికి విషం లేదు. కాటు వేసినా గిచ్చినంత బాధే. విషమనే అపోహ, పెంచుకోవాలనే మోజు పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా, ప్రాణికి మాత్రం రెండింటి ఫలితం ఒకటే.

రంగు ఏమి చెబుతుంది

పరిసరాలకు తగినట్లు రంగు మార్చుకొని దాగడం కోసమే ఊసరవెల్లి రంగులు మారుస్తుందన్న అభిప్రాయం సగం నిజం. దాని సాధారణ రంగు ఆకులలో కలిసిపోయేదే. అయితే గళ్ల బట్ట మీద పెడితే గళ్లు తెచ్చుకుంటుందనే మాట కట్టుకథ. వెలుతురు, ఉష్ణోగ్రత, ఎదుటి ప్రాణి, భయం, చూలు – వీటిని బట్టి రంగు మారుతుంది. దక్షిణ ఆఫ్రికాలోని మరుగుజ్జు ఊసరవెల్లుల మీద స్టువర్ట్-ఫాక్స్, ముసల్లి 2008లో ప్రచురించిన పరిశోధన, ఎక్కువగా రంగు మార్చగల శక్తి పరస్పర సంకేతాల అవసరం వల్ల పరిణమించిందని, దాగడానికి ఎన్నో నేపథ్యాలు అవసరమవడం వల్ల కాదని తేల్చింది. ఊసరవెల్లి రంగు మొదట ఒక భాష. తరువాతే ఒక ముసుగు.

రంగు మారే యంత్రాంగం మీద ఆసక్తి పాతదే. వియన్నాలో ఎర్నెస్ట్ బ్రూకే 1852లోనే ఆఫ్రికా ఊసరవెల్లి మీద గ్రంథం వెలువరించినాడు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయానికి చెందిన మిలింకోవిచ్ బృందం పాంథర్ ఊసరవెల్లి చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికాలు క్రమబద్ధంగా అమరి ఉన్నాయని, వాటి మధ్య దూరం పెరిగినప్పుడు ప్రతిఫలించే కాంతి నీలం నుంచి పసుపు, ఎరుపుల వైపు జరుగుతుందని నిరూపించింది. ప్రశాంతంగా ఉన్న ప్రాణిలో స్ఫటికాలు దగ్గరగా ఉండి నీలి కాంతిని వెనక్కి పంపుతాయి. పైపొరలోని పసుపు వర్ణకంతో కలిసి అది పచ్చగా కనిపిస్తుంది. వీటి అడుగున మెలనిన్ నింపుకొన్న కణాలు ఉంటాయి. మెలనిన్ రేణువులు కణమంతా పరచుకుంటే చర్మం నల్లబడుతుంది. కణం నడుమకు చేరి ముడుచుకుంటే పాలిపోతుంది. నిద్రలో జరిగేది ఈ రెండవది.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన చిన్న వివరం ఒకటి ఉన్నది. నల్లబడిన ప్రతి ఊసరవెల్లీ బాధలో ఉన్నట్లు కాదు. ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడు ఎండ తగిలే కొమ్మకు చేరి, ఎండవైపు పక్కను నల్లగా మార్చుకొని వేడిని గ్రహించడం ఆరోగ్యవంతమైన ప్రాణి దినచర్య. అప్పుడు ఎండ తగలని రెండవ పక్క లేత రంగులోనే ఉండవచ్చు. ఒళ్లు వేడెక్కగానే నలుపు తొలగి పచ్చదనం వస్తుంది. అరగంటలో పోయే నలుపు ఒకటి, రోజుల తరబడి ఉండిపోయే నలుపు మరొకటి. పంట ఆకు మధ్యాహ్నపు ఎండకు వడలి సాయంత్రానికి తేరుకోవడానికీ, వేరుకుళ్లు తెగులుతో వడలి మరి తేరుకోకపోవడానికీ ఉన్నంత తేడా ఈ రెండింటికీ ఉన్నది.

నిద్ర

ఊసరవెల్లి పగటి జీవి. సూర్యాస్తమయానికి కొంత ముందే మేత మాని, తాను ఎంచుకున్న కొమ్మకు చేరుతుంది. చాలా జాతులలో ఆ కొమ్మ చెట్టు వెలుపలి అంచున, సన్నగా, ఒంటరిగా ఉండే రెమ్మ. దీని వెనుక ఉన్న తర్కం సరళమైనది. చెట్టెక్కి వచ్చే పాము ఆ రెమ్మ మీదికే రావాలి. వస్తే రెమ్మ కదులుతుంది. కళ్లు మూసుకొని ఉన్నా పట్టకారు పాదాల ద్వారా ఆ కదలిక తెలుస్తుంది. అలా తెలిసిన క్షణంలో చాలా ఊసరవెల్లులు చేసే పని పట్టు వదిలి కింది పొదలో పడిపోవడమే. నిద్రపోయే కొమ్మ నిజానికి ఒక హెచ్చరిక తీగ. పంజరంలో మందపాటి, కదలని కర్రను అమర్చి, అది ఊగకుండా తీగతో గట్టిగా బిగించిన పెంపకందారు ఊసరవెల్లి సౌఖ్యం కోరే ఆ పని చేసి ఉంటాడు. ప్రాణికి మాత్రం ఆ కర్ర మీద ఏ వార్తా అందదు.

నిద్రలోకి జారుతున్నప్పుడు కనుగుడ్లు లోపలికి దిగుతాయి, రెప్పల మధ్య ఉండే చిన్న రంధ్రం మూసుకుంటుంది, తోక చుట్టుకుంటుంది, చర్మం పాలిపోతుంది. రెండు కళ్లూ ఒకేసారి మూసుకొని ఉండడం ఆరోగ్యవంతమైన ఊసరవెల్లిలో రాత్రి మాత్రమే కనిపించే స్థితి. పగలు ఒక కన్ను మూసి కనుగుడ్డును గుండ్రంగా తిప్పుతూ దుమ్మును శుభ్రం చేసుకోవడం ఉంటుంది; అది క్షణకాలపు పని.

సరీసృపాలకు నిజమైన నిద్ర ఉన్నదా, కేవలం చల్లబడి స్తంభించడమేనా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 1966లో టౌబర్, రాఫ్‌వార్గ్, వైట్స్‌మన్ అనే పరిశోధకులు రెండు ఆఫ్రికా ఊసరవెల్లి జాతులలో నిద్ర సమయపు మెదడు విద్యుత్తరంగాలను, కనుగుడ్ల కదలికలను నమోదు చేసి 'నేచర్' పత్రికలో ప్రచురించినారు. అటు తరువాత అర్ధశతాబ్దికి, 2016లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధన సంస్థలో గిల్స్ లారెంట్ బృందం ఆస్ట్రేలియాకు చెందిన గడ్డపు తొండలో మందగతి తరంగాల నిద్ర, కనుగుడ్లు కదిలే నిద్ర ఒకదాని తరువాత ఒకటి సుమారు 80 సెకన్ల ఆవృతంతో వస్తున్నట్లు చూపింది. మనిషిలో ఇదే ఆవృతం సుమారు గంటన్నర. ఒక రాత్రిలో మనిషికి నాలుగైదు ఆవృతాలు గడిస్తే, ఆ తొండకు దాదాపు 350 గడుస్తాయి. 2018లో లిబూరెల్ బృందం టెగూ అనే మరో బల్లిని పరిశీలించి, నిద్ర దశలు అన్ని జాతులలోనూ ఒకే తీరున ఉండవని తెలిపింది. ఈ భిన్నాభిప్రాయాలు అలా ఉండగా, ఒక విషయంలో సందేహం మిగలలేదు: బల్లి జాతుల నిద్ర వట్టి చల్లబడిన జడత్వం కాదు. మెదడు రాత్రంతా పని చేస్తూనే ఉంటుంది. దానికి అంతరాయం కలిగితే నష్టం ఉంటుంది.

సస్యశాస్త్ర విద్యార్థికి అంతరాయం అనే మాట కొత్త కాదు. గార్నర్, అల్లార్డ్ 1920లో పగటి నిడివికి మొక్కల పూతకు గల సంబంధాన్ని వెల్లడించినారు. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి మొక్క మీద పని చేసి, నిర్ణాయకమైనది పగటి నిడివి కంటే కూడా ఎడతెగని చీకటి నిడివి అని చూపినారు. సుదీర్ఘమైన రాత్రి మధ్యలో కొద్దిసేపు వెలుగు వేస్తే చాలు, మొక్క పూయడం మానేస్తుంది. డెల్టా గట్ల మీద, కాలువ ఒడ్డున కలుపుగా పెరిగే మొక్కే ఈ పాఠానికి ఆధారం కావడం విశేషం. మొక్కలోని కాంతిగ్రాహక వర్ణకం వేరు, జంతువులోని పీనియల్ గ్రంథి వేరు. రెండింటినీ కలపడం శాస్త్రసమ్మతం కాదు. అయితే రాత్రి గడిచిన గంటల మొత్తం ఒక్కటే చాలదనీ, ఆ గంటలు తెగకుండా ఉండాలనీ గ్రహించడానికి ఈ పోలిక ఉపకరిస్తుంది. చీకటిలో పీనియల్ గ్రంథి నుంచి వెలువడే మెలటోనిన్ వెలుతురు పడితే తగ్గుతుంది. హాల్లో పదకొండు గంటల దాకా టీవీ నడిచి, వంటింటి దీపం అయిదింటికే వెలిగే ఇంట్లో ఊసరవెల్లికి మిగిలే రాత్రి ఆరు గంటలు.

విజయవాడ ఉన్న అక్షాంశంలో అతి పొడవైన పగలు సుమారు 13 గంటలు, అతి చిన్న పగలు 11 గంటల పైచిలుకు. అంటే ఈ ప్రాంతపు ఊసరవెల్లి తరతరాలుగా ఏడాది పొడుగునా దాదాపు పన్నెండు గంటల చీకటికి అలవాటుపడినది. ఉష్ణమండలపు ప్రాణికి ఎండాకాలం, చలికాలం అని దీపపు వేళలు పెద్దగా మార్చవలసిన పని లేదు. పన్నెండు గంటలు చీకటి ఉండాలి. ఆ చీకటి నిజమైన చీకటిగా ఉండాలి.

ఎరుపు బల్బు సరీసృపాలకు కనిపించదని, రాత్రంతా వెలిగించవచ్చని వ్యాపారులు చెప్పే మాటను నమ్మరాదు. ఊసరవెల్లి కంటిలో అతినీలలోహితం మొదలుకొని దీర్ఘ తరంగాల వరకు గ్రహించే నాలుగు రకాల శంకు కణాలు ఉన్నట్లు 2005లో బౌమేకర్, లోవ్, ఆట్ నిర్ధారించినారు. దానికి కనిపించే వర్ణపటం మనిషి చూసేదానికన్నా విశాలం. రాత్రి వెచ్చదనం కోసమని ఆ బల్బు పెట్టడం కూడా ఈ ప్రాంతంలో అర్థరహితమే. ఇక్కడి కష్టం అందుకు విరుద్ధమైనది. రోహిణి కార్తెలో పై అంతస్తు గదిలో సిమెంటు కప్పు పగలు పీల్చిన వేడిని అర్ధరాత్రి దాటే దాకా విడుస్తూనే ఉంటుంది. పొలంలో అదే రాత్రి ఆకుల మధ్య గాలి చల్లబడుతుంది. పగటికీ రాత్రికీ మధ్య ఉష్ణోగ్రతలో తగ్గుదల లేకపోతే శరీర క్రియల వేగం తగ్గదు. నిద్ర పట్టినట్లు కనిపించినా ప్రాణి ఖర్చవుతూనే ఉంటుంది.

ఒత్తిడి

సరీసృపాలలో ప్రధానమైన ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరోన్. అపాయం ఎదురైన క్షణంలో అది పెరగడం ప్రాణరక్షణకు అవసరమే. గద్ద నీడ పడితే పెరిగి, నీడ తొలగగానే తగ్గితే ప్రాణికి హాని లేదు. పంజరంలో నీడ తొలగదు. గాజు పెట్టెకు అవతల పిల్లి రోజంతా కూర్చుంటుంది, కుక్క మొరుగుతుంది, మిక్సీ తిరుగుతుంది, సీలింగు ఫ్యాను రెక్కలు తల మీద తిరుగుతూ గద్ద రెక్కల్లాగా నీడలు వేస్తాయి. గాజులో ప్రతిబింబం మరో ఊసరవెల్లిగా కనిపిస్తుంది. ఒంటరిగా బతికే ఈ ప్రాణికి ఎన్నటికీ వెనుదిరగని ప్రత్యర్థి ఆ గాజులో కాపురం ఉంటాడు.

ప్రత్యర్థి ఎదుట ఊసరవెల్లి ఏమి చేస్తుందో ముసుగు ఊసరవెల్లి అనే యెమెన్, సౌదీ ప్రాంతాల జాతిలో లైగన్, మెక్‌గ్రా 2013లో వివరంగా నమోదు చేసినారు. పోరుకు దిగే మగవి శరీరాన్ని బల్లపరుపుగా చేసి పక్కకు తిరిగి చూపుతూ పక్కచారలను ప్రకాశవంతం చేస్తాయి. తల రంగు వేగంగా, ఎక్కువగా ప్రకాశించినది గెలిచే అవకాశం ఎక్కువ. ఓడినది త్వరగా నల్లబడుతుందని, అది లొంగిపోయానన్న సంకేతమని లైగన్ తరువాతి పరిశోధనలో చూపినాడు. ఈ వెలుగులో చూస్తే బాల్కనీ పంజరంలో రోజుల తరబడి నల్లగా, ముడుచుకొని, అడుగు కొమ్మ మీద కూర్చున్న ప్రాణి చెబుతున్నది స్పష్టమే. అది ఓడిపోయానని ప్రకటిస్తున్నది. ఆ ప్రకటనను అందుకొని తొలగిపోవలసిన ప్రత్యర్థి మాత్రం కదలడు.

ఒత్తిడి లక్షణాలను తీవ్రత వరుసలో చూడడం మేలు. మొదట ప్రతిఘటన: నోరు తెరవడం, బుస కొట్టడం, గొంతు కింది భాగం ఉబ్బించడం, శరీరాన్ని పలచగా, వెడల్పుగా చేసి కొమ్మకు అవతలి వైపు జరగడం. వీటిని చూసి ఇంటివారు నవ్వుకొని ఫొటోలు తీస్తారు. నిజానికి ఇది ఇంకా బలం ఉన్న ప్రాణి ప్రవర్తన. రెండవది తప్పించుకునే ప్రయత్నం: గోడలు గోకుతూ, పైకీ కిందికీ విరామం లేకుండా తిరగడం. చూలుతో ఉన్న ఆడది గుడ్లు పెట్టడానికి నేల వెదకుతూ కూడా ఇలాగే తిరుగుతుంది. తవ్వుకోవడానికి లోతైన తడి ఇసుక, మట్టి దొరకకపోతే గుడ్లు కడుపులోనే నిలిచి ప్రాణం తీస్తాయి. మూడవది మౌనం. ప్రతిఘటన ఆగుతుంది, పురుగు ముందు పాకినా నాలుక చాచదు, పగలు కళ్లు మూసుకుంటుంది, పట్టు సడలుతుంది. ఇంటివారు మచ్చిక అయిందని సంతోషించేది సరిగ్గా ఈ దశలోనే. ఊసరవెల్లి పెంపకంలో జరిగే పొరపాట్లన్నింటిలో ఇది అత్యంత ఖరీదైనది.

పగలు కళ్లు మూయడానికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. నీరు చాలకపోయినా కళ్లు లోతుకు పోయి మూసుకుంటాయి. ఊసరవెల్లి సాధారణంగా గిన్నెలోని నిలవ నీటిని తాగదు. ఆకుల మీద జారే చుక్కలను నాకుతుంది. నిండు గిన్నె పక్కన దాహంతో చనిపోవడం దీనికి సాధ్యమే. మూత్రంతో వచ్చే తెల్లని ముద్ద నారింజ రంగుకు తిరిగితే నీరు చాలడం లేదని అర్థం. కాల్షియం, అతినీలలోహిత కాంతి లోపిస్తే ఎముకలు మెత్తబడి, కాళ్లు వంగి, కొమ్మ మీద పట్టు తప్పుతుంది. కిటికీ గాజు గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు, ఎందుకంటే విటమిన్ డి తయారీకి కావలసిన కిరణాలను గాజు ఆపివేస్తుంది. ఆహారంలో విటమిన్ డి తక్కువైన పాంథర్ ఊసరవెల్లులు తమంతట తామే ఎండలో ఎక్కువసేపు గడిపి లోటు పూడ్చుకుంటాయని కార్స్‌టెన్ తదితరులు 2009లో చూపినారు. ఎంచుకునే వీలు ఉంటే ప్రాణి తన వైద్యం తానే చేసుకుంటుంది. పంజరం మొదట హరించేది ఆ వీలునే.

పిల్ల ఊసరవెల్లుల విషయంలో ఒక విచిత్రం ఉన్నది. పెద్దవి ఒంటరిగా ఉండాలన్నది నిజమే కాని, పుట్టిన నాటి నుంచి ఒంటరిగా పెంచిన పిల్లలు మంకుగా తయారవుతాయి. 2014లో బాలెన్, షైన్, ఓల్సన్ ముసుగు ఊసరవెల్లి పిల్లలను కొన్నింటిని ఒంటరిగా, కొన్నింటిని గుంపుగా పెంచి పోల్చినారు. ఒంటరివి ఇతర పిల్లల ఎదుట ఎక్కువగా లొంగిపోయినాయి, రంగులు మందంగా ఉండినాయి, ఎరను పట్టడానికి ఎక్కువ సమయం తీసుకున్నాయి. గుడ్లు పెట్టి వెళ్లిపోయే తల్లి, ఒకరికొకరు పట్టని జీవితం – ఇలాంటి ప్రాణికి కూడా బాల్యంలో తోడు లేకపోవడం లోటే అవుతుందని ఎవరూ ఊహించలేదు.

చట్టం మాట

భారతీయ ఊసరవెల్లిని పట్టడం, పెంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ప్రపంచవ్యాప్తంగా ఈ జాతి అంతరించే ప్రమాదంలో లేకపోయినా, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటీస్ రెండవ అనుబంధంలో ఉన్నది. కనుక ఇంట్లో ఉన్న దేశీయ ఊసరవెల్లికి ఏం మేత పెట్టాలన్న ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వగల సమాధానం ఒక్కటే: అటవీ శాఖకు అప్పగించాలి. తానే తీసుకువెళ్లి ఏదో ఒక తోటలో వదిలివేయడం కూడా సరికాదు. బలహీనపడిన ప్రాణికి ముందు నీరు, పరీక్ష అవసరం.

ముసుగు ఊసరవెల్లి వంటి విదేశీ జాతుల విషయం వేరు. ఇవి కూడా సైటీస్ జాబితాలోనివే. 2022 చట్ట సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన తరువాత, 2024లో వెలువడిన నిబంధనల ప్రకారం వీటిని కలిగి ఉన్నవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. చికిత్స అవసరమైతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల వంటి చోటికి తీసుకువెళ్లాలి. ఫోనులో లక్షణాలు విని మందు చెప్పడం వ్యవసాయ శాస్త్రవేత్త పని కాదు. వారికి చెప్పగలిగిన సలహాలు కొన్ని ఉన్నాయి. గాజుకు బదులు నాలుగు వైపులా జాలీ ఉన్న ఎత్తైన పంజరం, దానిని మనుషుల తల కంటే ఎత్తులో ఉంచడం, లోపల మందార వంటి గుబురైన మొక్క, రోజూ ఆకుల మీద నీటి తుంపర, రాత్రి తొమ్మిదికి కాక సాయంత్రం ఆరున్నరకే పంజరం మీద దట్టమైన బట్ట. చేతిలోకి తీసుకోవడం ఎంత తగ్గితే అంత మంచిది. ముద్దు చేస్తే సంతోషించే ప్రాణి కావలసినవారు కుందేలును పెంచుకోవచ్చు.

కంచె మీద

డెల్టా పల్లపు మాగాణులలో, నీరు నిలిచే వరి పొలాల మధ్య ఊసరవెల్లికి చోటు తక్కువ. పొదలు, చెట్లు, పొడి నేల దానికి కావాలి. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం వైపు మెట్ట, నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలు, ఊరి చివర వావిలి, తుమ్మ, సీమచింత కంచెలు అందుకు అనువైనవి. ఆడది నేలకు దిగి, తవ్విన గుంతలో పది నుంచి ముప్పై వరకు గుడ్లు పెట్టి మట్టి కప్పి వెళ్లిపోతుంది. ఆ గుడ్లు నెలల తరబడి మట్టిలోనే ఉంటాయి. ఈ జాతి సంతానోత్పత్తి, పెరుగుదలల మీద మన దేశంలో వచ్చిన విలువైన పరిశీలనలలో 1980లలో ఒడిశాలో ఎల్.ఎ.కె. సింగ్, ఎల్.ఎన్. ఆచార్జ్యో, హెచ్.ఆర్. బస్టర్డ్ చేసినవి ముఖ్యమైనవి. తెలుగు నేల మీద అటువంటి ఓపికైన పని జరగవలసి ఉన్నది. వ్యవసాయ విద్యార్థి కంటే దగ్గరగా కంచెను చూసేవారు ఎవరూ లేరు.

ఇంట్లో పంజరం చేసే హానిని పొలంలో ఇతర పనులు చేస్తున్నాయి. గట్లకు నిప్పు పెట్టడం, యంత్రంతో కంచెను మొదలంటా పెకలించి ఇనుప తీగ వేయడం, గట్టు మీది పొదల మీద కూడా పురుగుమందు పిచికారీ చేయడం వీటిలో ప్రధానమైనవి. ఊసరవెల్లి తినేది మిడతలు, ఈగలు, గొంగళి పురుగులు వంటి కీటకాలనే. ఒక ఊసరవెల్లి వల్ల ఎకరాకు ఎన్ని బస్తాల దిగుబడి మిగులుతుందని అడిగే రైతుకు అంకె చెప్పబూనడం నిజాయితీ కాదు. దాని మేత నెమ్మది. పురుగు ఉధృతిని అదుపు చేసేంతటి సంఖ్య దానికి లేదు. సాలీళ్లు, అక్షింతల పురుగులు చేసే పనిని దానికి అంటగట్టరాదు. కంచెలో జీవం మిగిలి ఉన్నదనడానికి అది ఒక గుర్తు మాత్రమే. పిచికారీ చేసిన కంచె మీద పురుగూ ఉండదు, దాన్ని తినేదీ ఉండదు.

రాత్రి వెలుతురు గురించి కూడా చెప్పుకోవలసి ఉన్నది. కైకలూరు నుంచి బందరు వరకు ఆక్వా చెరువుల గట్ల మీద, రహదారుల వెంట తెల్లని ఎల్‌ఈడీ దీపాలు తెల్లవార్లూ వెలుగుతున్నాయి. దీపం కింద చేరే పురుగుల వల్ల బల్లులు లాభపడతాయి. పగటి జీవి అయిన ఊసరవెల్లికి ఆ వెలుగులో మేత లేదు; పాలిపోయిన ఒంటితో కొమ్మ చివర వేలాడే దానిని గుడ్లగూబకూ, పిల్లికీ, మనిషికీ అది మరింత సులువుగా చూపిస్తుంది. దీపానికి పైభాగాన మూత అమర్చి వెలుగును నేలకే పరిమితం చేయడం ఖర్చుతో కూడిన పని కాదు.

కంచెల మీద గణన చేయదలచిన విద్యార్థి బృందం తొలకరి పడిన తరువాత, వెన్నెల లేని రాత్రి, ఎనిమిది నుంచి పది గంటల మధ్య బయలుదేరడం మంచిది. రైతు అనుమతి, అటవీ శాఖకు ముందస్తు సమాచారం తప్పనిసరి. రెండు వందల మీటర్ల కంచెను నెమ్మదిగా, ఇరువైపులా ఒక్కొక్కరు నడుస్తూ చూడాలి. పాములు తిరిగే కాలం కనుక బూట్లు ఉండాలి. ఊసరవెల్లి కనిపించిన చోట చెట్టు పేరు, నేల నుంచి ఎత్తు, రెమ్మ మందం, చెట్టు అంచు నుంచి దూరం రాసుకోవాలి. కొమ్మను తాకరాదు. టార్చి వెలుగు దాని మీద కొన్ని సెకన్లకు మించి నిలపరాదు. ఎక్కువసేపు నిలిపితే వెలుగు పడిన పక్క మెల్లగా ముదురు రంగుకు తిరగడం మొదలవుతుంది. ఆ మార్పు కనిపించగానే దీపం తిప్పి, పొలం గట్టు వెంట తరువాతి చెట్టుకు సాగిపోవాలి.